పెద్దమ్మ గుమ్మడికాయ మోసినంతసేపు

నా చిన్నప్పుడు మా కుటుంబంలో ఒక మహాసంగ్రామం జరిగింది. ఒక వైపు లోకమంతా, ఇంకో వైపు ఒంటరిగా నేను. రక్తం చిందింది. కన్నీళ్లు కారాయి. ఆఖరికి పంజాగుట్టలో ఒక ఆదివారం ఉదయం, నిండు సభలో, జయాపజయాలు తేలాయి. ఇంత ఘనంగా మొదలుపెట్టాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను గానీ, అసలు విషయం ఇంతే: ఎడమచేతివాటం పిల్లాడొకడు కుడిచేతివాళ్ల పద్ధతిలో గిటార్ నేర్చుకున్నాడు. రక్తం నిజమే, వేలి కొసన ఒక చుక్క. కన్నీళ్లు కూడా నిజమే. అప్పట్లో మాత్రం పక్కింట్లో మిరపకాయలు వేయిస్తున్నారని చెప్పుకున్నాను.

నాకింకా ముప్పై నిండలేదు. 'నా చిన్నప్పుడు' అంటూ కథలు మొదలుపెట్టే వయసు కాదని మా అమ్మ అభిప్రాయం. కానీ అమీర్‌పేట చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేవకముందు తలెత్తితే ఆకాశం కనిపించేదని చెప్పినప్పుడల్లా, మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను స్వాతంత్ర్య సమరయోధుణ్ణి చూసినట్టు చూస్తున్నారు. కాబట్టి అర్హత వచ్చేసిందనుకుని మొదలుపెడుతున్నాను.

మా ఇల్లు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉండేది. మా నాన్న అలాంటి ఒక సెంటర్లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాడు. కిటికీ తెరిస్తే ఎదుటి గోడ నిండా కోర్సుల బోర్డులు. నేను చదవడం నేర్చుకున్నది వాటి మీదే. తోటి పిల్లలు ఆపిల్, బాల్ అంటుంటే నేను జావా, ఒరాకిల్ అనేవాణ్ణట. అది మేధస్సు అని ఇంట్లో అందరూ పొంగిపోయారు. తరువాత నా మార్కులు వచ్చి ఆ అపోహను తీర్చాయి.

పుట్టుకతోనే నాది ఎడమచెయ్యి. మా అమ్మమ్మకు అది నచ్చేది కాదు. పళ్లెంలోకి ఎడమచెయ్యి వెళ్లినప్పుడల్లా మణికట్టు మీద ఒక్కటి పడేది. చివరికి ఇద్దరం రాజీకి వచ్చాం. అన్నం కుడిచేత్తో, మిగతా బతుకంతా ఎడమచేత్తో. అమ్మమ్మ అంత తేలిగ్గా రాజీపడే మనిషి కాదు. నా వంతు వచ్చేసరికి ఆవిడ అలసిపోయి ఉందని నాకప్పుడు తెలీదు.

ఇక మా పెద్దమ్మ, అంటే మా అమ్మ అక్క. ఎస్.ఆర్. నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌కు వార్డెన్. చీర కుచ్చిళ్ల దగ్గర తాళంచెవుల గుత్తి వేలాడేది. ఆ గుత్తి చప్పుడు వినబడితే మూడో అంతస్తులో ఫోన్లు వాటంతటవే ఆగిపోయేవని ప్రతీతి. రాత్రి గేటుకు తాళం వేశాక కూడా మళ్లీ వచ్చి లాగి చూసేది. ఎవరినీ నమ్మేది కాదు, తాళాన్ని కూడా. అలాంటి మనిషి ఆదివారం చర్చిలో వేదిక పక్కన బెంచీ మీద కూర్చుని గిటార్ వాయించేది. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో ఒక టీచరమ్మ నేర్పిందట. ఆ గిటార్ చర్చిది, వారమంతా మాత్రం హాస్టల్లో పెద్దమ్మ దగ్గరే ఉండేది. వాయించేవాళ్లెవరైనా దాని మీదే వాయించాలి.

మా చర్చి పంజాగుట్టలో ఒక ఇరుకు సందులో ఉంది. అక్కడ ఏటా కోత పండుగ చేస్తారు. పల్లెల్లోనైతే పొలంలో పండినదాంట్లో కొంత తెచ్చి దేవుడి ముందు పెట్టడం ఆ పండుగ. మా సంఘంలో ఒక్కరికీ పొలం లేదు. సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పని చేసేవాళ్లు, బట్టల షాపుల్లో చేసేవాళ్లు, నర్సులు, టీచర్లు, మా నాన్నలాంటివాళ్లు. అయినా పండుగ మానలేదు. శనివారం సాయంత్రం అందరూ సంచులు పట్టుకుని ఎర్రగడ్డ రైతు బజారుకు వెళ్లి, అక్కడ గట్టిగా బేరమాడి, కోత కోసేవాళ్లు. ఆదివారం ఒక్కొక్కరే ఆ కూరగాయలూ పళ్లూ మోసుకుంటూ నడవా వెంట వేదిక దాకా వెళ్లి పెట్టేవాళ్లు. ఆఖరి మనిషి పెట్టేదాకా పాట ఆగకూడదు. అది మా సంఘం పట్టింపు. తబలా ఆగినా గిటార్ ఆగకూడదు.

మరి గిటార్ వాయించే మనిషి తన కానుక ఎప్పుడు పెట్టాలి? దానికో పద్ధతి ఉండేది. వాయించే ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు లేవాల్సి వచ్చినప్పుడు, పక్కవాళ్లు ముందు ఎడమచేత్తో గిటార్ మెడ పట్టుకుని తీగలు నొక్కుతారు. మొదటి మనిషి కుడిచెయ్యి ఇంకా మీటుతూనే ఉంటుంది. గిటార్ మెల్లగా ఒళ్లోంచి ఒళ్లోకి జరుగుతుంది. అప్పుడు రెండో మనిషి కుడిచెయ్యి వచ్చి మీటడం అందుకుంటుంది. కాసేపు ఒకే గిటార్‌ని ఒకరి ఎడమచెయ్యి, ఇంకొకరి కుడిచెయ్యి కలిసి వాయిస్తాయి. కళ్లు మూసుకుని పాడేవాళ్లకు చెయ్యి మారిన సంగతే తెలీదు.

పెద్దమ్మకు ఆ రెండో మనిషి ఒక బీటెక్ అన్న. అతనికి ఉద్యోగం రావాలని సంఘమంతా ప్రార్థన చేసింది. వచ్చింది, బెంగళూరులో. ఆ తరువాత ఇంకో ఉద్యోగం కోసం ప్రార్థన చేసేటప్పుడు మా సంఘం ఊరి పేరు కూడా చేర్చడం మొదలుపెట్టింది. అన్న వెళ్లిపోయినప్పటి నుంచి పెద్దమ్మ కానుక వేరేవాళ్లు మోసుకెళ్లి పెట్టేవాళ్లు. ఆవిడ బెంచీ దిగడానికి వీల్లేదు.

ఆ ఏడాది మాత్రం సంగతి వేరు. అంతకుముందు వానాకాలంలో పెద్దమ్మకు ఆపరేషన్ అయింది. ఏం ఆపరేషనో పిల్లలకు చెప్పలేదు. పెద్దవాళ్లు గొంతు తగ్గించి 'గడ్డ' అనుకోవడం విన్నాను. మా అమ్మ ఆ రోజుల్లో వంటింట్లో నిలబడి ఏ కారణం లేకుండా కుళాయి తిప్పి వదిలేసేది. పెద్దమ్మ బతికి బయటపడింది. మెట్లెక్కగలిగిన రోజు హాస్టల్ డాబా మీదికి వెళ్లి, సగానికి కోసిన నీలం డ్రమ్ములో మట్టి పోసి, గుమ్మడి గింజలు నాటింది. తీగ నీళ్ల ట్యాంకు చుట్టూ పాకి, ఆరేసిన చున్నీల మీదికి కూడా ఎక్కి, కాసిన కాయలన్నీ రాల్చేసి ఒక్కటి నిలుపుకుంది. ఆ ఒక్కటి నా తలకన్నా పెద్దదైంది. మా సంఘం చరిత్రలో రైతు బజారు మొహం చూడని మొట్టమొదటి పంట అదే.

"ఈసారి నా కాయ నేనే మోస్త," అంది పెద్దమ్మ మా అమ్మతో. అమ్మ కుళాయి తిప్పింది. పెద్దమ్మ నా వైపు తిరిగి, "ఏందిరా, జరసేపు గిటార్ పట్టుకుంటవా?" అనడిగింది, సంచి పట్టుకుంటావా అన్నంత మామూలుగా. నేను సరేనన్నాను. ఆ వయసులో నేను దేనికైనా సరేననేవాణ్ణి.

మొదటి రోజే చిక్కు వచ్చింది. గిటార్ నా ఒళ్లో పెట్టగానే అది తనంతట తానే అటు తిరిగి కూర్చుంది. మెడ కుడివైపు, పొట్ట ఎడమవైపు. నాకు ప్రాణం హాయిగా ఉంది. కాకపోతే తీగలన్నీ తలకిందులు. పెద్దమ్మ తిప్పి పెట్టింది. ఇప్పుడు తీగలు సరిగ్గా ఉన్నాయి, నేను తలకిందులు. కుడిచెయ్యి మీటమంటే దోమల్ని తోలుతోంది. పక్కనే హాస్టల్ అక్కలు అన్నాలు తింటూ చూస్తున్నారు. మిరపకాయలు వేయించింది ఆ రోజే.

నేను ఊరుకోలేదు. నాన్న ల్యాబులో కూర్చుని, లోకంలో ఎడమచేతి గిటార్లు ఉంటాయని కనిపెట్టాను. వాటిని వాయించే ఒకాయన ఫోటో ప్రింటు తీసుకెళ్లి, కోర్టులో సాక్ష్యం పెట్టినట్టు పెద్దమ్మ ముందు పెట్టాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "మంచిగున్నడు. మన చర్చికొస్తడా?" అంది. తరువాత కాగితం మడిచి నా జేబులో పెట్టి, "ఈయన గిటార్ ఈయనొక్కడిది రా. మనది అందరిది," అంది. నీ కోసం తీగలు తిప్పి కడితే నాకు పనికిరాదు, నాకు కడితే నీకు రాదు, పాట మధ్యలో తీగలు విప్పి కట్టుకుంటామా అని విడమరిచి చెప్పింది. నాన్న పాపం నన్ను పంజాగుట్టలో సంగీత వాయిద్యాల షాపుకు కూడా తీసుకెళ్లాడు. షాపు భాయ్ నా చేతిని సానుభూతిగా చూసి, "ఉల్టా పీస్ ఆర్డర్ పెడితేనే వస్తది అన్నా. పండుగ లోపల మాత్రం రాదు," అన్నాడు. నాన్న వచ్చే దారిలో నాకు చెరుకురసం ఇప్పించాడు. మా ఇంట్లో ఓదార్పు అంటే అదే.

దాంతో హాస్టల్‌కు వెళ్లి, నేను మానేస్తున్నానని ప్రకటించాను. పెద్దమ్మ కింది హాల్లో కిటికీ పక్కన గిటార్ శ్రుతి చేసుకుంటోంది. నేను ఒక ఉపన్యాసం తయారు చేసుకుని వెళ్లాను. నాలాంటివాళ్ల బాధ మీకు తెలీదు, మీరంతా కుడిచేతివాళ్లు, తలుపులూ కత్తెరలూ కుర్చీలూ అన్నీ మీకే చేశారు, చివరికి దేవుడి పాట కూడా మీకే చేశారు. అలా సాగింది. నిజానికి లోపల ఒకటే భయం. నా వల్ల ఆ గుమ్మడికాయ మళ్లీ వేరేవాళ్ల చేతుల్లో వెళ్తుందేమోనని. దాన్ని చెప్పడం రాక కత్తెరల గురించి మాట్లాడుతున్నాను.

ఉపన్యాసం మంచి ఘట్టంలో ఉండగా సందులో క్రికెట్ ఆడుతున్న పిల్లల బంతి కిటికీలోంచి దూసుకొచ్చింది. పెద్దమ్మ తల తిప్పలేదు. ఒళ్లో గిటార్ ఉండగానే ఒక చెయ్యి లేచి బంతిని గాల్లో పట్టేసింది. గిటార్ పక్కన పెట్టి, గుమ్మంలోకి వెళ్లి, విసిరింది. బంతి మామూలుగా పిల్లలకు అందించినట్టు వంపు తిరిగి వెళ్లలేదు. గేటు మీదుగా తీగలాగిన గీతలా వెళ్లి, సందు చివర వికెట్ల కోసం పెట్టిన ఇటుకలను పడగొట్టింది. "మల్ల లోపలికొస్తే బాల్ రాదు బిడ్డా," అంది పెద్దమ్మ. ఎవడో "సారీ ఆంటీ" అని గొణిగాడు. నేను నోరు తెరిచి ఆవిడ చేతినే చూస్తున్నాను. అది ఎడమచెయ్యి.

అప్పటిదాకా ఆవిడ కుడిచేత్తోనే రాయడం, తినడం, తాళాలు వేయడం చూశాను. అడిగితే తేలిగ్గా చెప్పింది. చిన్నప్పుడు తనదీ ఎడమచెయ్యే. అప్పటికి అమ్మమ్మ వయసులో ఉంది, రాజీలు లేవు. పొద్దున లేవగానే పెద్దమ్మ ఎడమచేతికి తాతయ్య పాత సాక్సు తొడిగి దారంతో ముడి వేసేది. రాత్రి పడుకునేటప్పుడు విప్పేది. "అన్ని పనులు కుడిచేతికి అలవాటైనయి. విసురుడొక్కటి పోలేదు," అంది. ఆ మాటలో కోపం కోసం వెతికాను. దొరకలేదు. అమ్మమ్మ మీద కోపం రావాలని నాకే అనిపించి, సాక్సు తొడిగిన చేతిని ఊహించుకుని, నవ్వొచ్చి, కోపం చెడిపోయింది.

తరువాత పెద్దమ్మ చేసిన పని నేను ఇప్పటికీ మరిచిపోలేను. గిటార్‌ని అటు తిప్పి పట్టుకుంది, సరిగ్గా నేను మొదటి రోజు పట్టుకున్నట్టు. తనకు పుట్టుకతో వచ్చిన పక్కకు. అలాగే పండుగ పాట వాయించడం మొదలుపెట్టింది. ఘోరంగా ఉంది. వేళ్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, తీగలు రేకు డబ్బాలా మోగుతున్నాయి. మెట్ల మీద ఒక అక్క తొంగిచూసింది. ఇంకో ఇద్దరు చేరారు. ఒకామె నవ్వాగక చున్నీ నోట్లో కుక్కుకుంది. తాళంచెవుల చప్పుడుకే ఫోన్లు ఆపించే మనిషి, వాళ్ల ముందు కూర్చుని, ఆపకుండా, సిగ్గుపడకుండా, పాట మొత్తం చెడగొట్టింది. నాకు నవ్వు రాలేదు. అంత పెద్దమనిషి అంత చెడ్డగా వాయించడానికి ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా పెద్దగా చూడలేదు.

"ఇది నా సొంత చెయ్యే కదరా. దీనికేమన్న వచ్చిందా?" అంది. గిటార్ మళ్లీ మామూలు వైపు తిప్పి, తీగలు నొక్కుతున్న వేళ్ల వైపు గడ్డంతో చూపించింది. "కష్టమైన పనంతా ఏ చెయ్యి చేస్తుందో చూడు. కుడిచెయ్యిది ఊడ్చుడు పని."

చూశాను. నిజమే. వేళ్లు ఒక్కొక్కటి వెతుక్కుని, గుర్తుపెట్టుకుని, గట్టిగా నొక్కాల్సిన పనంతా ఎడమచేతిది. ఇంతకాలం కుడిచేతివాళ్ల వాయిద్యమని నేను తిట్టుకున్నదాంట్లో పెద్ద ఉద్యోగం నా చేతికే ఉంది. నా ఉపన్యాసంలో కత్తెరల భాగం మాత్రం ఇప్పటికీ నిజమేనని మనవి.

మరుసటి రోజు నుంచి గిటార్ ముట్టుకునే ముందు కొబ్బరి చీపురు ఇచ్చి డాబా ఊడ్పించేది, కుడిచేత్తో, తను చప్పట్లతో తాళం వేస్తుంటే ఆ లెక్కకు తగ్గట్టు. మా అమ్మకు తెలిసి, "హాస్టల్ల పనామె మానేసిందా అక్కా?" అని అడిగింది. గుమ్మడి ఆకుల కింద చెత్త తీస్తూ, ఆ కాయను రోజూ చూస్తూ, నా కుడిచెయ్యి మెల్లగా తాళం నేర్చుకుంది. వేలి కొసలు పగిలి, గట్టిపడ్డాయి. పాటకు కావలసిన మూడు పట్టులు ఎడమచెయ్యి నేను చెప్పకముందే పట్టుకోవడం మొదలుపెట్టింది.

పండుగ రోజు చర్చి మార్కెట్ యార్డులా ఉంది. సొరకాయలు, అరటిగెలలు, బియ్యం సంచులు, కాళ్లు కట్టిన ఒక కోడి. బెంచీ మీద నన్ను చూసి, విజయవాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన సంఘపెద్ద ఒకాయన వంగి, "ఏంటమ్మా, ఈ ఎడమచేతి బుడ్డోడేనా మీకు దొరికింది? పాట ఆగితే బాగోదు మరి," అన్నారు. పెద్దమ్మ, "ఎడమచేతివాళ్లం ఇద్దరం ఉన్నం అంకుల్, ఫికర్ చెయ్యకుండ్రి," అంది. ఆయనకు అర్థం కాలేదు. నాకు వెన్ను నిటారైంది.

పాట మొదలైంది. జనం వరసగా నడిచారు. వరస చివరికొచ్చాక పెద్దమ్మ నా వైపు చూడకుండా కొంచెం పక్కకు జరిగింది. నేను ఎడమచెయ్యి పెట్టాను. ఆవిడ వేళ్లు లేచిన చోట నా వేళ్లు దిగాయి. మెడ వెచ్చగా ఉంది. ఆవిడ కుడిచెయ్యి మీటుతోంది, నా ఎడమచెయ్యి నొక్కుతోంది. గిటార్ నా ఒళ్లోకి వచ్చింది. సాక్సు తొడిగించుకున్న ఎడమచేతికి బదులు పని నేర్చుకున్న ఆ కుడిచెయ్యి మెల్లగా తప్పుకుంది. నాది వెళ్లి ఊడ్వడం అందుకుంది. పాట ఆగలేదు.

ఆవిడ లేచి, వెనక గోడ దగ్గర పెట్టిన గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తుకుని, నడవాలోకి వచ్చింది. ఒక చరణంలో అయిపోతుందని నాకు చెప్పారు. కానీ ఆవిడ నెమ్మదిగా నడిచింది. ఆపరేషన్ తరువాత బరువు అలవాటు లేక కావచ్చు. మధ్యలో కోడి కట్టు వదిలించుకుని ఆవిడ కాళ్లకు అడ్డం వచ్చింది. ఆగింది. చరణం అయిపోయి మళ్లీ మొదలైంది. వేదిక దగ్గర పాస్టరయ్య వంగి, ఇంత కాయ ఎక్కడ కొన్నారమ్మా అని అడిగినట్టుంది. ఆవిడ "కొనలే అయ్యా, కాసింది," అనడం ముందు వరసల దాకా వినబడింది. అయ్యగారు వంగి ఆ కాయను ముట్టుకున్నారు. ముందు వరసలో ముసలమ్మ ఒకామె లేచి తనూ ముట్టుకుంది. ఇంకొందరు లేచారు. గర్భగుడి లేని మా చర్చిలో అంత భక్తిగా ఒక వస్తువును ముట్టుకోవడం నేను మళ్లీ చూడలేదు. పాట మూడోసారి మొదలైంది. నా వేలి కొస పగిలి చుక్క రక్తం వచ్చింది. ఎడమచెయ్యి వదల్లేదు. కుడిచెయ్యి ఆగలేదు.

అప్పుడు గమనించాను. అంతసేపట్లో పెద్దమ్మ ఒక్కసారి కూడా నా వైపు తిరిగి చూడలేదు. తాళం వేసిన గేటును మళ్లీ వచ్చి లాగి చూసే మనిషి. నా వైపు వీపు పెట్టి, కాయ నేల మీద పెట్టి, కళ్లు మూసుకుని, చాలాసేపు నిలబడింది. వెనక పాట ఉందా లేదా అన్న అనుమానమే ఆ వీపులో లేదు.

తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది. గిటార్ అడగలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, గొంతెత్తి పాడడం మొదలుపెట్టింది. ఆవిడ పాడగా వినడం నాకదే మొదటిసారి. చాలా అపశ్రుతిగా పాడుతుందని సంఘమంతటికీ ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్లూ గిటార్ ఆ సంగతి దాచింది.

ఇప్పుడు పెద్దమ్మ పెన్షన్ తీసుకుంటోంది, బాగుంది. ఎడమచేతి గిటార్ కొనుక్కునే స్తోమత నాకొచ్చింది. ఒకసారి షాపులో వాయించి చూశాను. పెద్దమ్మ ఆ రోజు వాయించినంత ఘోరంగా వచ్చింది. షాపు అబ్బాయి మర్యాదగా మొహం తిప్పుకున్నాడు. నాకు సిగ్గనిపించలేదు. పాట చివరిదాకా చెడగొట్టి, లేచి వచ్చాను. ఆఫీసులో కొత్తవాళ్లకు ఒక పని అప్పగించినప్పుడు ఆ వీపు గుర్తొస్తుంది. వెనక్కి చూడకుండా నడవాలని ప్రయత్నిస్తాను. టీ మెషిన్ దాకా వెళ్లేలోపు చూసేస్తాను, కానీ ఒక్కసారే చూస్తాను. అది కూడా తగ్గించుకునే పనిలో ఉన్నాను.

గిటార్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. వాయించడం అయ్యాక తీగల్ని పొడిగుడ్డతో తుడవాలి. లేకపోతే వానాకాలంలో తుప్పుపడతాయి.